వైద్యం దానం కాదు, హక్కు: టామీ డగ్లస్ జీవితం, ఆయన చట్టం బయట మిగిలిపోయిన వలస కార్మికులు

2004లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ దేశవ్యాప్తంగా ఓటింగ్ పెట్టింది. దేశ చరిత్రలో అందరికన్నా గొప్ప వ్యక్తి ఎవరని అడిగింది. ప్రజలు ప్రధానమంత్రులను, శాస్త్రవేత్తలను, హాకీ ఆటగాళ్లను పక్కనబెట్టి టామీ డగ్లస్‌ను ఎంచుకున్నారు. అప్పటికి ఆయన చనిపోయి పద్దెనిమిదేళ్లు. ఆయన ఎన్నడూ ప్రధాని కాలేదు. సస్కాచెవాన్ అనే గోధుమ రాష్ట్రానికి పదిహేడేళ్లు ప్రీమియర్‌గా, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రిగా పనిచేశారు. జబ్బు పడిన మనిషి జేబులో డబ్బు ఉందా లేదా అని చూడకుండా వైద్యం అందించే ప్రభుత్వ బీమా అక్కడే, ఆయన హయాంలోనే మొదలైంది.

ఈరోజు మన పల్లెల నుంచి, వాడల నుంచి కెనడాకు చదువుకోసం, పనికోసం వెళ్తున్న పిల్లలు ఉన్నారు. ఆ దేశంలో వైద్యం అందరికీ ఉచితమని విని వెళ్తారు. అక్కడికి వెళ్లాక, ఆ అందరిలో తాము ఉన్నామో లేమో తేల్చేది తమ పని గంటలేనని తెలుస్తుంది. అందుకే డగ్లస్ జీవితాన్ని ఆయన సాధించిన విజయాలతో ఆపకుండా, ఆ విజయం బయట మిగిలిపోయిన మనుషుల దాకా చదవాలి.

కార్మికుడి కొడుకు

థామస్ క్లెమెంట్ డగ్లస్ 1904 అక్టోబర్ 20న స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్ దగ్గర పుట్టారు. తండ్రి ఇనుము పోతపోసే కార్మికుడు. కుటుంబం బతుకుదెరువు కోసం కెనడాకు వలస వచ్చి విన్నిపెగ్ నగరంలో స్థిరపడింది. అంటే కెనడా ఆరోగ్య బీమాకు తండ్రి అనిపించుకున్న మనిషి కూడా ఒక వలస కార్మికుడి కొడుకే.

చిన్నప్పుడు మోకాలికి తగిలిన దెబ్బ ఎముకకు చీము పట్టే జబ్బుగా మారింది. కాలు తీసేయాల్సిందేనని విన్నిపెగ్‌లో డాక్టర్లు అన్నారు. పెద్ద డాక్టరును పెట్టుకునే స్తోమత ఆ ఇంటికి లేదు. కుర్రాడు ధర్మ వార్డులో పడి ఉండగా ఆర్.జె. స్మిత్ అనే ఎముకల సర్జన్ చూశారు. వైద్య విద్యార్థులు దగ్గరుండి నేర్చుకోవడానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటే డబ్బు తీసుకోకుండా ఆపరేషన్ చేస్తానన్నారు. వారు ఒప్పుకున్నారు. కాలు నిలిచింది.

ఆ డాక్టరు మీద డగ్లస్‌కు జీవితాంతం కృతజ్ఞత ఉంది. కానీ ఆయన ఈ సంఘటన నుంచి తీసుకున్న పాఠం కృతజ్ఞత ఒక్కటే కాదు. ఒక డాక్టరు ఆ రోజు ఆ వార్డులోకి రాకపోయి ఉంటే తాను కుంటివాడిగా మిగిలేవాడినని ఆయనకు అర్థమైంది. పేదవాడి కాలు డాక్టరు దయ మీద, ధనవంతుడి కాలు తన డబ్బు మీద ఆధారపడే పద్ధతి మారాలన్నది ఆయన రాజకీయాలకు మూలం. మనకు ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. దయ చూపించే చేయి ఎప్పుడూ పైన ఉంటుంది, పుచ్చుకునే చేయి కింద ఉంటుంది. హక్కుకు ఆ ఎత్తుపల్లాలు ఉండవు.

1919లో విన్నిపెగ్ కార్మికులు సార్వత్రిక సమ్మె చేశారు. ఆ జూన్ 21న పోలీసులు గుంపు మీద గుర్రాలతో దూకి కాల్పులు జరిపారు. పద్నాలుగేళ్ల డగ్లస్ ఒక భవనం పైకప్పు మీద నుంచి దాన్ని చూశారు. ఇల్లు గడవడానికి చదువు మాని ప్రింటింగ్ ప్రెస్‌లో పని నేర్చుకున్నారు. ఇంకోపక్క బాక్సింగ్ చేసి 1922లో, 1923లో మానిటోబా లైట్‌వెయిట్ ఛాంపియన్ అయ్యారు. తర్వాత బ్రాండన్ కాలేజీలో చదివి 1930లో సస్కాచెవాన్‌లోని వేబర్న్ పట్టణంలో బాప్టిస్టు చర్చికి పాస్టర్‌గా వెళ్లారు.

అవి మహా మాంద్యం రోజులు. పైగా కరువు. గోధుమ ధర పడిపోయింది, పొలాల మట్టి గాలికి లేచిపోయింది. ప్రసవంలో, చిన్న చిన్న జబ్బులతో మనుషులు చనిపోతుంటే పాస్టర్‌గా ఆయన సమాధులు చేయించాల్సి వచ్చింది. 1931లో దగ్గర్లోని ఎస్టెవాన్‌లో బొగ్గు గని కార్మికులు సమ్మె చేశారు. సెప్టెంబర్ 29న పోలీసుల కాల్పుల్లో ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఆ సమ్మె కుటుంబాలకు డగ్లస్ తన చర్చి నుంచి తిండి సామాను చేరవేశారు. చర్చిలో ప్రార్థన చేసి ఊరుకుంటే సరిపోదని నిర్ణయించుకున్నది ఆ రోజుల్లోనే. రైతులు, కార్మికులు, సోషలిస్టులు కలిసి 1932లో పెట్టుకున్న కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్, సీసీఎఫ్‌లో చేరారు. 1935లో వేబర్న్ నుంచి పార్లమెంటుకు గెలిచారు.

దాచకూడని పేజీ

డగ్లస్ జీవితంలో ఒక మచ్చ ఉంది. దాన్ని దాచి ఆయన్ను పొగిడే పుస్తకాలు చాలా ఉన్నాయి. మనం మాత్రం దాన్ని దాటేయలేం, ఎందుకంటే అది పుట్టుకతో మనిషి విలువ కట్టే ఆలోచనకు సంబంధించింది.

1933లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి ఆయన ఎం.ఎ. సిద్ధాంత వ్యాసం సమర్పించారు. వేబర్న్‌లోని కొన్ని నిరుపేద కుటుంబాలను పరిశీలించి, పేదరికం, నేరం, బుద్ధిమాంద్యం వంశపారంపర్యంగా వస్తాయన్న అప్పటి యూజెనిక్స్ వాదాన్ని అందులో సమర్థించారు. అలాంటి వారిని వేరుగా ఉంచాలని, కొందరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలని సూచించారు. ఆ కాలంలో చదువుకున్నవారిలో చాలామంది ఇదే నమ్మారు. పక్కనున్న ఆల్బర్టా రాష్ట్రంలో 1928 నుంచే బలవంతపు ఆపరేషన్ల చట్టం ఉంది. అంతమంది నమ్మారు కాబట్టి అది తప్పు కాకుండా పోదు.

1936లో డగ్లస్ యూరప్ వెళ్లి హిట్లర్ జర్మనీని కళ్లారా చూశారు. మనుషులను పుట్టుకను బట్టి శుద్ధులు, అశుద్ధులు అని విడదీసే ఆలోచన అధికారంలోకి వస్తే ఏమవుతుందో అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఆయన ఆ సిద్ధాంత వ్యాసం ఊసు దాదాపుగా ఎత్తలేదు. మాట మారడం కన్నా చేత మారడమే ముఖ్యం. 1944లో ప్రీమియర్ అయి ఆరోగ్య శాఖను కూడా తానే ఉంచుకున్నప్పుడు, అలాంటి ఆపరేషన్లకు చట్టం తేవాలన్న సిఫారసులు ఆయన బల్ల మీదికి వచ్చాయి. ఆయన ఒప్పుకోలేదు. 1947లో ఆయన ప్రభుత్వం సస్కాచెవాన్ హక్కుల చట్టం తెచ్చింది. జాతి, మతం, రంగు పేరుతో ఉద్యోగంలో, ఇంటి అద్దెలో, వ్యాపార స్థలాల్లో వివక్ష చూపడాన్ని నిషేధించిన ఆ చట్టం కెనడాలో ఆ తరహాలో మొదటిది.

సస్కాచెవాన్‌లో మొదలైన దారి

1944 జూన్‌లో జరిగిన ఎన్నికల్లో సీసీఎఫ్ 47 స్థానాలు గెలిచింది. ఉత్తర అమెరికాలో సోషలిస్టు పార్టీ అధికారంలోకి రావడం అదే మొదలు. అప్పుల్లో మునిగిన రాష్ట్రం. చేతిలో డబ్బు లేదు. అయినా వైద్యం మీద డగ్లస్ వెంటనే పని మొదలుపెట్టారు. అధ్యయనానికి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య చరిత్రకారుడు హెన్రీ సిగరిస్ట్‌ను పిలిపించారు. 1945 జనవరి నుంచి వృద్ధాప్య పింఛనుదారులకు, వితంతు తల్లులకు, వారి పిల్లలకు ఉచిత వైద్యం ఇచ్చారు. క్యాన్సర్ చికిత్సను, మానసిక వైద్యాన్ని ప్రభుత్వ ఖర్చులోకి తెచ్చారు. 1946లో స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో స్థానికులే డబ్బు పోగేసుకుని డాక్టరు ఖర్చుకు బీమా నడపడం మొదలుపెట్టారు. రాష్ట్రమంతటికీ అది నమూనా అయింది.

1947 జనవరి 1న ఆసుపత్రి బీమా అమల్లోకి వచ్చింది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబానికి ఎంతమంది ఉన్నా 30 డాలర్లకు మించకూడదు. అది కడితే ఆసుపత్రి బిల్లు రాష్ట్రానిది. పదేళ్లకు, 1957లో, కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పథకాల ఖర్చులో సగం భరించే చట్టం చేసింది. ఆ డబ్బు రావడంతో సస్కాచెవాన్ ఖజానాకు వెసులుబాటు కలిగింది. ఇక డాక్టరు ఫీజులను కూడా బీమాలోకి తెస్తానని డగ్లస్ 1959 చివర్లో ప్రకటించారు. 1960 ఎన్నికలు ఈ ఒక్క అంశం మీదే నడిచాయి. ఆయన గెలిచారు.

ఆరోగ్యంతో పాటు పని గంటల మీద కూడా ఆ ప్రభుత్వం చట్టాలు చేసిందన్నది చాలామంది మరిచిపోతారు. కార్మిక సంఘం పెట్టుకునే హక్కు, జీతంతో కూడిన రెండు వారాల వార్షిక సెలవు, పట్టణాల్లో వారానికి 44 గంటల పని మొదటి మూడేళ్లలోనే వచ్చాయి. ఒళ్లు హూనమయ్యేలా పని చేయించి తర్వాత ఉచితంగా మందులిస్తే లాభం లేదని వారికి తెలుసు.

1961లో సీసీఎఫ్, కార్మిక సంఘాలు కలిసి న్యూ డెమోక్రటిక్ పార్టీ పెట్టాయి. దానికి నాయకుడిగా డగ్లస్ జాతీయ రాజకీయాల్లోకి వెళ్లారు. ప్రీమియర్ పదవి వుడ్రో లాయిడ్ చేపట్టారు. 1962 జులై 1న డాక్టరు ఫీజుల బీమా అమల్లోకి వచ్చింది. అదే రోజు రాష్ట్రంలోని డాక్టర్లలో అత్యధికులు సమ్మెకు దిగారు. ప్రభుత్వం జీతం ఇస్తే తాము బానిసలమవుతామన్నది వారి వాదన. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించింది. ప్రజలు చందాలు వేసుకుని సొంత క్లినిక్‌లు తెరిచారు. 23 రోజుల తర్వాత సస్కాటూన్‌లో ఒప్పందం కుదిరింది. డాక్టర్లకు కొన్ని సడలింపులు ఇచ్చారు, బీమా మాత్రం నిలిచింది. దానికి డగ్లస్ మూల్యం చెల్లించారు. సమ్మెకు కొద్దిరోజుల ముందు, జూన్‌లో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో సొంత రాష్ట్రంలోనే, రెజైనాలో ఓడిపోయారు. కొన్ని నెలల తర్వాత బ్రిటిష్ కొలంబియా నుంచి ఉపఎన్నికలో గెలిచి పార్లమెంటులోకి వచ్చారు.

1964లో జస్టిస్ ఎమెట్ హాల్ కమిషన్ సస్కాచెవాన్ పద్ధతిని దేశమంతటికీ తేవాలని సిఫారసు చేసింది. 1966 డిసెంబర్‌లో పార్లమెంటు వైద్య సంరక్షణ చట్టాన్ని అనుకూలంగా 177, వ్యతిరేకంగా 2 ఓట్లతో ఆమోదించింది. 1972 నాటికి అన్ని రాష్ట్రాలూ అందులో చేరాయి. 1984లో కెనడా ఆరోగ్య చట్టం వచ్చి, బీమాలో ఉన్న చికిత్సకు రోగి నుంచి అదనంగా వసూలు చేయకుండా కట్టడి చేసింది. డగ్లస్ 1979లో పార్లమెంటు నుంచి విరమించుకుని, 1986 ఫిబ్రవరి 24న ఒట్టావాలో క్యాన్సర్‌తో చనిపోయారు.

అదే 1966లో ఇంకో తలుపు

1966లోనే కెనడా ఇంకొక పథకం మొదలుపెట్టింది. ఒంటారియో పొలాల్లో కోతలకు మనుషులు దొరకడం లేదని జమైకా నుంచి 264 మంది కార్మికులను సీజన్ వరకు రప్పించింది. 1974లో మెక్సికో చేరింది. అదే ఇప్పటి సీజనల్ వ్యవసాయ కార్మికుల పథకం. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి ఉండకూడదు. పర్మిట్ ఒక్క యజమాని పేరు మీదే ఉంటుంది. ఆయన పని తీసేస్తే దేశంలో ఉండే ఆధారమే కదిలిపోతుంది. అలా ముప్పై ఏళ్లపాటు ఏటేటా వచ్చి పండించి వెళ్లినవాళ్లు ఉన్నారు. అన్నేళ్లు పనిచేసినా పథకం వారిని తాత్కాలికులనే పిలుస్తుంది.

దేశవాసులందరికీ వైద్యం, దేశవాసులు కానివారి చేత పని. ఈ రెండు నిర్ణయాలూ ఒకే ఏడాది తీసుకున్నవి. వాటి మధ్య ఘర్షణ చట్టంలోని ఒక్క మాట మీద నడుస్తోంది. 1984 చట్టం ప్రకారం బీమా దక్కేది రాష్ట్ర నివాసికి. పర్యాటకులు, దారిన పోయేవారు, చూడవచ్చినవారు నివాసులు కారు. మరి రెండేళ్ల పర్మిట్ మీద గోదాములో రాత్రి షిఫ్టు చేసే మనిషి నివాసా, కాదా? దాన్ని తేల్చే నిబంధనలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఒంటారియోను తీసుకుందాం. అక్కడి ప్రభుత్వ బీమా పేరు ఓహిప్. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి అది దక్కాలంటే ఒంటారియోలోని ఒక యజమాని దగ్గర ఫుల్‌టైమ్ పని, అది కనీసం ఆరు నెలల పాటు ఉండాలి. దానికి రుజువు యజమాని ఇచ్చే ఉత్తరం. భార్య లేదా భర్తకు, పిల్లలకు కార్డు రావడం కూడా ఆ ఉత్తరం మీదే ఆధారపడుతుంది. విదేశీ విద్యార్థులకు చదువుకునేంతకాలం ఓహిప్ లేదు, ప్రైవేటు బీమా కొనుక్కోవాలి. క్యాంపస్ బయట వారు పని చేయగల గంటలను కూడా కేంద్ర ప్రభుత్వం మారుస్తూ వచ్చింది. వారానికి 20 గంటల పరిమితిని 2022 నవంబర్‌లో ఎత్తేసింది, 2024 ఏప్రిల్ చివర్లో ఆ మినహాయింపును ముగించింది, 2024 నవంబర్ నుంచి 24 గంటలు చేసింది.

చదువు అయిపోయి వర్క్ పర్మిట్ చేతికి వచ్చిన అమ్మాయి ఒకటి కాదు, రెండు పార్ట్‌టైమ్ పనులు చేస్తుందనుకోండి. కలిపితే వారానికి నలభై గంటలు దాటవచ్చు. కానీ ఒక్క యజమాని దగ్గర ఫుల్‌టైమ్ కాదు. ఇద్దరిలో ఎవరూ ఆ ఉత్తరం ఇవ్వలేరు. ఫుల్‌టైమ్‌లో ఉన్న అబ్బాయికి అమ్మకాలు తగ్గాయని మేనేజర్ షిఫ్టులు కోసేస్తే, కార్డు పునరుద్ధరించుకునే రోజున అతనిదీ అదే పరిస్థితి. అతను మారలేదు, ఊరు మారలేదు, పన్ను కట్టడం ఆపలేదు. గంటలు తగ్గాయి, అంతే. అవి తగ్గించింది అతను కాదు. అత్యవసరమైతే ఆసుపత్రి చేర్చుకుంటుంది. తర్వాత బిల్లు ఇస్తుంది.

పొలాల్లో కథ తిరగబడుతుంది. సీజనల్ కార్మికులకు ఓహిప్ కార్డు వచ్చిన వెంటనే దక్కుతుంది. కానీ ఒంటారియో కార్మిక చట్టంలోని పని గంటల పరిమితి, ఓవర్‌టైమ్ జీతం పొలం కూలీలకు వర్తించవు. ఎన్ని గంటలైనా చేయించవచ్చు. పొలం నుంచి క్లినిక్‌కు వెళ్లాలంటే యజమాని బండే దిక్కు. జబ్బు సంగతి చెబితే వచ్చే ఏడాది పిలవరేమోనన్న భయం. 2001 నుంచి 2011 వరకు ఒంటారియో నుంచి 787 మంది వలస వ్యవసాయ కార్మికులను జబ్బు లేదా గాయం కారణంగా స్వదేశాలకు తిప్పి పంపినట్టు వైద్య పరిశోధకులు లెక్క తేల్చారు. కార్డు చేతిలో ఉన్నా, చికిత్సకన్నా ముందు విమానం టికెట్ వచ్చింది.

డగ్లస్ కొట్టేయాలనుకున్నది సరిగ్గా ఈ పద్ధతినే. ఆయన కాలంలో పేదవాడి వైద్యం డాక్టరు దయ మీద ఉండేది. ఇప్పుడు తాత్కాలిక కార్మికుడి వైద్యం యజమాని ఉత్తరం మీద, షిఫ్టుల పట్టిక మీద ఉంది. మారింది దయ చూపించే మనిషి మాత్రమే.

మనకు ఈ లెక్క కొత్త కాదు

డగ్లస్ గెలిచిన 1944లోనే ఇక్కడ బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నారు. ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య బీమాపై ఆ శాఖ నియమించిన బి.పి. అదార్కర్ ఆ ఏడాదే నివేదిక ఇచ్చారు. 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి అదే పునాది. అంబేద్కర్ శాఖలో సిద్ధమైన సవరణతోనే 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. పని గంటలు, వైద్యం ఒకదాన్నొకటి విడిచి ఉండవన్నది ఇద్దరికీ తెలిసిన సంగతి.

అయితే ఇక్కడ కూడా గీత గీశారు. 1948 చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను బయట ఉంచింది. జబ్బు చేసిన రోజులకు నగదు సాయం రావాలంటే ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా ఉండాలన్న నిబంధన దశాబ్దాలుగా నడిచింది. కాంట్రాక్టు మారినప్పుడల్లా పని రోజులు తెగిపోయే పారిశుద్ధ్య కార్మికులకు ఆ 78 అంకె ఎంత బరువో వేరే చెప్పనవసరం లేదు. అందులో ఎక్కువమంది ఏ వాడల నుంచి వస్తారో కూడా చెప్పనవసరం లేదు. పని పక్కాగా ఉన్నవాడికి హక్కు, పని ముక్కలుగా దొరికేవాడికి షరతు. ఆ ముక్కల పని ఎవరి వాటాకు వస్తుందన్నది ఇక్కడ కులం నిర్ణయిస్తుంది, అక్కడ పాస్‌పోర్టు నిర్ణయిస్తుంది.

ఇది మార్చలేనిది కాదు. కరోనా సమయంలో, 2020 మార్చిలో, బీమా లేనివారి ఆసుపత్రి ఖర్చును కూడా తానే కడతానని ఒంటారియో ప్రభుత్వం ప్రకటించింది. పర్మిట్ ఏమిటి, గంటలెన్ని అని అడగలేదు. మూడేళ్లు అలాగే నడిచింది. 2023 మార్చి 31తో దాన్ని ఆపేసింది. డాక్టర్లు, నర్సులు, వలస కార్మికుల సంఘాలు రోడ్డెక్కినా వినలేదు. మూడేళ్లు చేయగలిగినదాన్ని చేయలేమని ఇప్పుడు అనడానికి వారికి కారణం లేదు.

డగ్లస్ ఒక్కసారిగా అందరికీ ఇవ్వలేదు. ముందు పింఛనుదారులకు, వితంతువులకు ఇచ్చారు. తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత డాక్టరు. పదిహేడేళ్లు పట్టింది. ప్రతి మెట్టు దగ్గరా డబ్బు లేదన్నారు, దేశం మునిగిపోతుందన్నారు, డాక్టర్లు పారిపోతారన్నారు. ఏదీ జరగలేదు. ఆయన వదిలేసిన మెట్టు ఒకటుంది. వలస కార్మికుడు దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి, గంటలతో పనిలేకుండా, యజమాని ఉత్తరం లేకుండా కార్డు ఇవ్వాలన్నదే ఆ మెట్టు. కెనడాలోని వలస కార్మికుల సంఘాలు ఇవాళ అడుగుతున్నది అదే.

అక్కడికి వెళ్లే మన విద్యార్థులు ఆ సంఘాల్లో చేరాలి. మన వాళ్ల కులసభల్లో, పండుగ సంబరాల్లో దొరకని తోడు, పొలంలో పనిచేసే జమైకా మనిషి పక్కన, మెక్సికో మనిషి పక్కన దొరుకుతుంది. ఇక్కడ ఉన్నవాళ్లం కాంట్రాక్టు కార్మికుడి పని రోజులు లెక్కపెట్టి వైద్యం ఆపే ప్రతి నిబంధన మీదా అదే ప్రశ్న అడగాలి. జబ్బుకు హాజరు పట్టీతో ఏం పని?